మా నాయిన నోటికి రాని మాట

నాటకంలో ఏడవడం నాకు మా మేనత్త నేర్పింది. రిహార్సల్లో నేను కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగరేస్తూ ఏడుస్తుంటే, ముందు వరసలో పల్లీలు ఒలుచుకుంటూ కూర్చున్న మా అత్త ఫక్కున నవ్వింది.

"ఏందే కోడలా, దగ్గు లేసిందా?"

అందరూ గొల్లుమన్నారు. నాకు అప్పట్లో కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడూ అక్కడే ఉంది, పైన కళ్ళజోడు వచ్చింది అంతే. "నువ్వచ్చి చెయ్యి మరి, తెలుస్తది!" అని అరిచాను. అత్త ఒళ్ళోని పొట్టు దులుపుకుని లేచి వచ్చింది. నా రెండు భుజాలూ పట్టుకుని కిందికి నొక్కింది.

"తోడబుట్టినోడు పోయిన పిల్ల గింత చప్పుడు చెయ్యది బిడ్డా. ముందుగాల ఇంట్ల పనులు యాదికస్తయి. నీళ్ళు పట్టకపోతినని, పొయ్యి ఆరిపాయెనని. గవి చేసుకుంట చేసుకుంట ఉన్నకాడ్నే కూలవడ్తది."

అప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరం. ఆమె చెప్పింది సగమే అర్థమైంది. కానీ ఆమె నొక్కిన చోట భుజాలు ఎగరడం మాత్రం ఆగిపోయింది.

ఇదంతా తొంభైల మొదట్లో, గోదావరిఖనిలో. మాది వరస క్వార్టర్ల కాలనీ. సాయంత్రమైతే ప్రతి వాకిట్లో బొగ్గు పొయ్యి రాజేసేవాళ్ళు. ఆ పొగ కాసేపు కాలనీ అంతా కమ్ముకుంటే పక్కింట్లో ఏం కూరో తెలిసేది గానీ, పక్కింటి మనిషి కనబడేది కాదు. సైరన్ మోతను బట్టి లేచేవాళ్ళం, సైరన్ మోతను బట్టి తినేవాళ్ళం. ఇప్పుడు ఎక్కడైనా దారిలో బొగ్గు పొగ వాసన తగిలితే చాలు, నాకు ఆకలేస్తుంది. మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ, ఆయనకేం తెలుసు ఆ పొయ్యి మీద కాల్చిన మక్కకంకి రుచి!

గనిని మా వైపు బాయి అంటారు. మా నాయిన బాయిలో సర్దార్. అంటే లోపల ఒక జాగాలో పనిచేసే మనుషులందరి మంచీ చెడూ ఆయన పూచీ. పొద్దున అందరినీ లోపలికి తీసుకుపోవాలి, షిఫ్టు అయ్యాక అందరూ పైకొచ్చారని చూసుకోవాలి. కమాన్‌పూర్ దగ్గరి మా ఊళ్ళో ఆయన వయసులో ఉన్నప్పుడు యక్షగానాల్లో రాజు వేషం కట్టేవాడట. ఆ గొంతు అలాగే ఉండిపోయింది. ఉప్పు అడిగినా రాజ్యం అడిగినట్టే ఉండేది.

మా కాలనీ బడికి కొత్తగా ఒక సారు వచ్చాడు. ఆయనకు నాటకాల పిచ్చి. ఒక ఆదివారం క్లబ్బు వరండాలో అందరినీ కూర్చోబెట్టి, వేల ఏళ్ళ కింద గ్రీకు దేశంలో ఆడిన కథ ఒకటి చెప్పాడు. చచ్చిపోయినవాడికి మట్టి ఇవ్వొద్దని రాజు ఆజ్ఞ. మా అన్నకు ఇచ్చి తీరతానని చెల్లెలి పంతం. రాజు మాటా న్యాయమే, చెల్లెలి మాటా న్యాయమే, చివరికి ఇద్దరి ఇళ్ళూ కూలిపోతాయి.

"ఆ దేశంలో జనం కొండ పక్కన మెట్ల మీద కూర్చుని చూసేవారు. చూసి, ఏడ్చి, గుండె తేలికై ఇంటికి పోయేవారు" అన్నాడు సారు.

"మనకు ఏడ్సుటందుకు కొండెందుకు సారూ, దవాఖాన మెట్లు లెవ్వా?" అన్నాడు వెనక నుంచి ఎవడో.

సారు నవ్వి, ఆ కథను మా బాయిలోకి దించుతానన్నాడు. లోపల బొగ్గు ఒక్కోసారి తనంతట తానే రాజుకుంటుంది. అప్పుడు ఆ జాగాకు గాలి అందకుండా ఇటుక గోడ కట్టి మూసేస్తారు. మూయకపోతే బాయంతా అంటుకుంటుంది. సారు రాసిన నాటకంలో అలాంటి గోడ వెనక అన్న ఉండిపోతాడు. గోడ తీసి శవమన్నా ఇవ్వమంటుంది చెల్లెలు. తీస్తే గాలి దూరి ఇంకా వందమంది పోతారంటాడు మేనేజరు. ఇదీ కథ.

సారు కొత్త మనిషి, ఆయనకు తెలియదు. మా అత్త భర్త, అంటే మా మామ, అలాంటి గోడ వెనకే ఉన్నాడు. అప్పటికి పదేళ్ళు దాటింది. మా మామ బాయిలో నీళ్ళు తోడే పంపు నడిపేవాడు. పొగ లేచిన రోజు గోడ కట్టేశారు. ఒక మనిషి తక్కువున్నాడని ఆ సాయంత్రం గానీ తెలియలేదు. తెలిశాక గోడ తీసే దారి లేదు. ఇప్పటికీ తీయలేదు.

అందరూ మా అత్త వైపు చూశారు. ఆమె కంపెనీ దవాఖానలో ఆయా. పిల్లల్లేరు, అత్తగారి వైపు వాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆమెకు మనుషులంటే తమ్ముడి ఇల్లే, అంటే మేమే. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, కాళ్ళకు మట్టెలు. మామకు దినాలు చేయనివ్వలేదు ఆమె. శవం దొరకనప్పుడు గడ్డితో మనిషి బొమ్మ చేసి దహనం చేసి, పిట్టకు ముద్ద పెడతారు మా వైపు. "నా మొగడు గడ్డిబొమ్మనా?" అని పెద్దమనుషులను వాకిట్లోంచే పంపేసింది. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఆమె నింపాదిగా అంది: "ఆడుండ్రి సారూ. మా ఆయన ముచ్చట ఎవ్వలు నా ముంగట తీస్తలేరు. గిట్లనన్న తియ్యుండ్రి."

అలా మొదలైంది మా నాటకం. అప్పటిదాకా మా క్లబ్బులో ఆడవేషం మగవాళ్ళే కట్టేవాళ్ళు. ఈసారి చెల్లెలి వేషానికి ఆడపిల్లే కావాలని సారు పట్టుబట్టి నన్నడిగాడు. మా అమ్మ ఒప్పుకోలేదు. "ఆడనియ్యవే మరదలా. రోజు ఇంట్ల పెట్టే లొల్లి ఆడ పెడ్తది, నీకన్న నిమ్మళం" అని అత్తే ఒప్పించింది. మేనేజరు వేషానికి అందరూ మా నాయిన పేరే చెప్పారు. ఆయన వద్దన్నాడు. బతిమాలినా వద్దన్నాడు. ఒకరోజు ఫస్ట్ షిఫ్టు దిగి, స్నానమన్నా చెయ్యకుండా తిన్నగా క్లబ్బుకు వచ్చి "నేనేస్త" అని పోయాడు. ఎందుకు మనసు మారిందో ఎవరికీ చెప్పలేదు.

ఆ రెండు నెలలు ఎంత బాగుండేవో! ఈ వారం మేనేజరు వేషగాడు ఫస్ట్ షిఫ్టయితే, తాపీమేస్త్రీ వేషగాడు సెకండ్ షిఫ్టు. ఒకడు దొరికితే ఒకడు దొరకడు. లేనివాడి మాటలు ఉన్నవాడే చెప్పేవాడు, తనతో తానే పోట్లాడుకునేవాడు. తెర వెనక మాటలందించేది మా పక్క క్వార్టర్ చాచా. ఆయనకు తెలుగు మాట్లాడడం తప్ప చదవడం రాదు. నాటకమంతా సారుతో చెప్పించుకుని ఉర్దూ అక్షరాల్లో రాసుకున్నాడు. కుడి నుంచి ఎడమకు వేలు పెట్టి చదువుతూ, "జల్ది చెప్పుండ్రి భాయ్, నా వేలు నొస్తుంది" అనేవాడు. మగవాళ్ళెవరికీ కళ్ళకు కాటుక పెట్టే పనే లేదు. ఎంత కడిగినా రెప్పల అంచున బొగ్గు పోదు కదా. చాయ్ గ్లాసులు, పల్లీపొట్టు, వేపచెట్టు కింద దుమ్ము. అంత నవ్వు మళ్ళీ నా బతుకులో ఒక్కచోట కుప్పగా దొరకలేదు.

ఒక్కటే తంటా. మొదటి అంకం చివర మేనేజరు అనాల్సిన మాట ఒకటుంది. "లోపల ఎవ్వరు లేరు. గోడ కట్టుండ్రి." అంతే. దాని మీదే నాటకమంతా నిలబడింది. పేజీలకు పేజీలు గుక్క తిప్పుకోకుండా చెప్పే మా నాయిన అక్కడికొచ్చేసరికి ఆగిపోయేవాడు. నోరు తెరిచేవాడు, మూసేవాడు. చాచా తెర వెనక నుంచి ఒకటికి మూడుసార్లు అందించేవాడు. చివరికి సారే "సరే, అన్నట్టే అనుకుందాం" అని తర్వాతి రంగంలోకి పోయేవాడు. అప్పుడల్లా మా అత్త పల్లీలు ఒలవడం ఆపి, తల వంచుకుని కూర్చునేది.

నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు అన్నాల దగ్గర అడిగేశాను. "గంత పెద్ద పెద్ద పద్యాలు అప్పజెప్పేటోనివి, రెండు ముక్కలు రావా నాయినా? అందరి ముంగట పరువు తీస్తున్నవ్."

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకుని బయటికి పోయాడు. మా అమ్మ నన్ను చెవి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. గొంతు తగ్గించి చెప్పింది.

"ఆ మాట మీ నాయిన ఒకసారి అన్నడు బిడ్డా. ఉత్తగ కాదు, నిజంగ."

బాయి దిగేవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక తలదీపం ఉంటుంది. పైకి వచ్చాక దాన్ని ల్యాంపురూంలో ఇచ్చేస్తే, ఎవరి నంబరు కొక్కేనికి వాళ్ళ దీపం వేలాడుతుంది. దీపం కొక్కేనికి ఉందంటే మనిషి బయట ఉన్నట్టు. బాయి పుట్టినప్పటి నుంచి అందరూ నమ్మేది అదే. పొగ లేచిన రోజు నాయిన లోపలంతా తిరిగాడు. పొగలో చేతనైనంత దూరం పోయి, పేరుపేరునా పిలిచాడు. పలికినవాళ్ళను పైకి పంపాడు. పైకొచ్చి కొక్కేలు చూశాడు. మామ దీపం తన కొక్కేనికే ఉంది. లోపల ఎవ్వరూ లేరని పైవాళ్ళకు చెప్పాడు. ఆయన మాట మీదే గోడ లేచింది. కానీ ఆ పొద్దున మామ దీపం సరిగా వెలగలేదట. సెలవులో ఉన్న ఇంకొకరి దీపం పెట్టుకుని దిగాడట. ఆ సెలవు మనిషి కొక్కెం ఖాళీగా ఉన్న సంగతి ఎవరి కంటా పడలేదు. లేనివాడి దీపం ఎవరు చూస్తారు?

"ఆ షిఫ్టోళ్ళందరికి ఎర్కే. ఒక్కలు నోరు ఇప్పలే. మీ అత్తకు తెల్వది. తెల్సిన్నాడు మీ నాయిన మొకం చూడది. నువ్వు గిట్ల ఎక్కడ వాగకు" అంది అమ్మ.

ఆదివారం వస్తే నాయిన పొద్దున్నే అత్త ఇంటికి పోయి చాయ్ తాగి, నీళ్ళు మోసి, పొయ్యిలోకి బొగ్గు కొట్టి పెట్టి వచ్చేవాడు. అక్క మీద ఎంత ప్రేమో అని మురిసేదాన్ని. ఇప్పుడు ఆ నీళ్ళ బిందె ఎందుకు మోసేవాడో తెలిసింది. ఆ అక్కే రేపు ముందు వరసలో కూర్చుని ఉంటుంది. ఆమె ముందు ఈయన ఆ మాట అనాలి. అనలేక కూలబడితే ఎందుకని ఆమె అడగదా? ఎవడో ఒకడు చెప్పేయడా? పుట్టింటి మనిషని ఆమెకున్నది ఒక్క తమ్ముడు. అతనూ పోతాడు.

సారు దగ్గరికి పోయి ఆ మాట తీసేయమన్నాను. కారణం చెప్పలేకపోయాను. ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఆ కథల గొప్పతనమే అదమ్మా. తప్పు చేసింది చెడ్డవాడు కాదు. మంచి చేస్తున్నాననుకుని, తెలియక చేసినవాడు. ఆ మాట తీసేస్తే మేనేజరు ఉత్త దుర్మార్గుడైపోతాడు" అన్నాడు. ఇంటికొచ్చి నాయిన కాళ్ళా వేళ్ళా పడ్డాను.

"వేషం వద్దు నాయినా. జ్వరమచ్చిందని చెప్పు. ఇంకొకల్లు కడ్తరు."

ఆయన అరచేతులు చూసుకున్నాడు. అమ్మ నాకు చెప్పేసిందని అర్థమైనట్టుంది.

"ఎన్నడో ఒకనాడు అక్క ముంగట ఆ మాట అనాలె బిడ్డా. నా నోటితోని నాకు చాతనైతలేదు. వేషం నోటితోనన్న అంట."

అప్పుడు తెలిసింది ఆయన వేషం ఎందుకు ఒప్పుకున్నాడో. ఇన్నేళ్ళు ఎవరూ తనను తప్పు పట్టకపోవడమే ఆయనను తినేసింది. ఎవరైనా నిలదీస్తే బాగుండునని, ఎవరూ నిలదీయకపోతే బాగుండునని, రెండూ ఒక్క గుండెలో పెట్టుకుని తిరిగాడు మనిషి.

నాటకం రోజు ఎండ తగ్గకముందే జనం వచ్చేశారు. క్లబ్బు ముందు జంపఖానాలు పరిచారు. ముందు వరసలో అత్త, పక్కనే అమ్మ. అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను తెర పక్కన నిలబడి, చాచా భుజం మీదుగా తొంగి చూస్తున్నాను. నాయిన మేనేజరు టోపీ పెట్టుకుని రంగం మీదికి వచ్చాడు. గొంతు ఖంగుమంది. ఈలలు వేశారు. పొగ లేచిందన్నారు, మనుషులు పరుగులు పెట్టారు, తాపీ పట్టుకున్నవాడు ముందుకొచ్చి "ఏం జేద్దాం దొరా?" అన్నాడు.

నాయిన నోరు తెరిచాడు. మాట రాలేదు.

చాచా అందించాడు. మళ్ళీ అందించాడు. గొంతు పెంచి అందించాడు, ముందు వరసకు కూడా వినబడేటంత గట్టిగా. నాయిన కళ్ళు ముందు వరస మీద అతుక్కుపోయాయి. జనంలో గుసగుస లేచింది. ఆ షిఫ్టు వాళ్ళు కొందరు అక్కడే కూర్చుని ఉన్నారు, వాళ్ళు తలలు దించుకున్నారు. తెర దించమని సారు చేతులు ఊపుతున్నాడు. అయిపోయింది, అంతా అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు మా అత్త లేచి నిలబడింది.

"చెప్పు తమ్మీ" అంది. అరవలేదు. ఇంట్లో అన్నానికి పిలిచినట్టే పిలిచింది. "నువ్వు జూసినప్పుడు ఎవ్వలు లేరు. నీకు ఎవ్వలు కనవడలే. బావ దీపం కొక్కేనికే ఉండె. నాకెర్కే. చెప్పు."

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయిన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. టోపీ దొర్లిపోయింది. రాజు గొంతు ఎటు పోయిందో, చిన్న పిల్లవాడి గొంతుతో అన్నాడు.

"లోపల... ఎవ్వలు లేరక్కా. గోడ కట్టుండ్రి అన్న."

సారు రాసిన మాటలో ఆ "అన్న", అంటే అన్నాను, లేదు. "అక్కా" అసలే లేదు. ఎవరికి పట్టింది! ఇదీ నాటకమే అనుకుని వెనకాల కొందరు చప్పట్లు కొట్టారు. ముందున్నవాళ్ళు కొట్టలేదు. తర్వాత రావాల్సింది నేనే. బిందె చంకన పెట్టుకుని వచ్చాను. నీళ్ళు పట్టాలని గుర్తొచ్చింది, పొయ్యి గుర్తొచ్చింది. ఉన్నచోటే కూలబడ్డాను. బాగా నటించానని సారు ఆ తర్వాత మెచ్చుకుంటే నాకు చిర్రెత్తుకొచ్చింది.

ఆ వారంలోనే అత్త మా ఇంటికి వచ్చి, గడపలో కూర్చుని, "ఇగ మీ బావకు దినం జేద్దాం తమ్మీ" అంది. నాయిన సరేనని తలూపాడు. గోదావరి ఒడ్డున గడ్డిబొమ్మకు నిప్పు పెట్టారు. దినం నాడు పిట్టకు పెట్టి వచ్చాక, భర్త పోయిన ఆడమనిషికి పుట్టింటివాళ్ళు చీర పెట్టాలి. తోడబుట్టినవాడే తేవాలి. ఆ చీర కట్టుకున్నాకే ఆమె భర్త లేని మనిషని లోకానికి లెక్క. నాయిన పెద్దపల్లి పోయి, బజారంతా తిరిగి, నెమలికంఠం రంగు చీర తెచ్చాడు. తెల్లది తేవాలి కదా అని ఎవరో పెద్దమనిషి సణిగితే, "మా అక్కకు నేను పెడ్తున్న, నీకేందయ్యా?" అని గద్దించాడు. ఆయన గొంతు తిరిగి వచ్చిందని అప్పుడు సంబరపడ్డాను.

అత్త ఆ చీర కట్టుకుంది. బొట్టు తీయలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

మర్నాడు పొద్దున నేను ఆమె ఇంటికి పోయాను. వాకిట్లో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నేను ఆగలేకపోయాను.

"నీకు ఎన్నటి సంది ఎర్కే అత్తమ్మా? ఎవ్వలు చెప్పిన్రు?"

"ఎవ్వలు చెప్పలే." ఆమె రాయి ఏరి పక్కన పడేసింది. "గోడ కట్టిన దినం డ్యూటీ దిగి మీ నాయిన తిన్నగ మా ఇంటికే అచ్చిండు. గా వాకిట్లనే నిలవడి, 'అక్కా, బావ అప్పుడే అచ్చి పండిండా? దీపం జూసిన, నాకన్న ముందే బయటవడ్డడు' అని నవ్వుకుంట అడిగిండు. 'ఇంకా రాలేదు తమ్మీ' అన్న. వాని మొకం ఎట్లయిందో నేనొక్కదాన్నే జూసిన. సర్దారు చెప్పకపోతే గోడ లేవదని నాకెర్క లేదా? లోపల ఉన్నడని ఎరుకైనోడు గట్ల నవ్వుకుంట అస్తడా బిడ్డా?"

నేను ఆమె చేతిలోని చాట అంచు పట్టుకున్నాను.

"మరి గప్పుడే నాయినకు చెప్పకపోతివి, నీ తప్పు లేదని? ఇన్నేండ్లు దినాలు గూడ చెయ్యనియ్యకపోతివి. గడ్డిబొమ్మ అంటివి..."

"వాడు నోరిప్పకముందు నేను చెప్తే నమ్ముతుండెనా? గడ్డిబొమ్మ నా నోటికచ్చిన సాకే." చాట పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "దినం జేస్తే చీర తమ్ముడే తేవాలె గద. కడుపుల గా మాట పెట్టుకొని వాడు నాకు ఆ చీర ఎట్ల తెస్తడే? తెచ్చి నా చేతిల పెట్టి, సీదా పోయి గోదాట్ల దుంకుతుండె. మొగడు పాయె. తమ్మున్ని గూడ పోగొట్టుకోమంటవా?"